ఇచ్చేటోని సంతకం

ఆ ప్రోగ్రామ్ నా చేతుల్లోంచి పోయిన రోజు మధ్యాహ్నమే షాపు షట్టర్ దించేశాను. ఇంటికి పోయి పచ్చిపులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని, పట్టపగలు రెండు గంటలు నిద్రపోయాను. అట్లాంటి నిద్ర పోయి ఎన్నేళ్లయిందో. కష్టపడి చేసిన దాన్ని ఊరికే ఎవరికో ఇచ్చేసి ఇంత సంబరపడేదాన్ని నిన్నే చూశానని అవ్వ దెప్పింది. దెప్పనీ. మోసినవాళ్లకే తెలుస్తుంది బరువు.

మాది సిద్దిపేటలో చిన్న ప్రింటింగ్ ప్రెస్. బాపు పెట్టింది. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లుబుక్కులు కొట్టేవాళ్లం. నేను కంప్యూటర్ డిగ్రీ చేసి, ఉద్యోగం దొరక్క అని అనను, వెతకడానికి బద్ధకించి, అదే ప్రెస్సులో కూర్చున్నాను. మా ఊళ్లో ముస్లింల పెళ్లికార్డు మీద ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు ఉంటుంది. తెలుగు నేను కంప్యూటర్లో కొట్టేదాన్ని. ఉర్దూకు చాచా ఉండేవాడు.

చాచా అంటే మా వెనక గల్లీలో ఉండే కాతిబు. ఉర్దూ చేతిరాతే ఆయన బతుకుదెరువు, దుకాణాల బోర్డులు కూడా రాసేవాడు. కలం ముక్కు ఏటవాలుగా చెక్కుకుని, సిరాలో ముంచి, పల్చటి బట్టర్ పేపర్ మీద రాసిచ్చేవాడు. దాన్నే మేము ప్లేటుకెక్కించి అచ్చు కొట్టేవాళ్లం. చిన్నప్పటినుంచీ ఆయన ముందు గొంతుక్కూర్చుని చూసినదాన్ని నేను. ఆయన కోపం గల్లీ అంతా ఎరిగిందే. రాసేటప్పుడు పక్కన ఎవరన్నా తుమ్మితే, ఆ కాగితం చింపి తుమ్మినవాళ్ల చేతిలోనే పెట్టేవాడు.

ఆ కోపంలోంచే ఈ కథంతా పుట్టింది.

తెలంగాణ ఉద్యమం మళ్లీ లేచిన ఏడాది అది. ఊళ్లో ఎక్కడ చూసినా టెంట్లు, రిలే దీక్షలు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పులు. రోజు విడిచి రోజు బంద్. మేము షట్టర్ సగం దించుకుని లోపల పని చేసేవాళ్లం. బంద్ పాటించమని చెప్పే కరపత్రాలు అచ్చుకొట్టాలంటే ఎవరో ఒకరు బంద్ పాటించకుండా ఉండాలి కదా. ఒకనాడు ఉద్యమ కమిటీవాళ్లు తెలుగు, ఉర్దూ రెండూ ఉన్న కరపత్రం కావాలన్నారు. చాచా పొద్దున్నే రాసిచ్చాడు. పది గంటలకు సభ జరిగే జాగ మారిందన్నారు. మళ్లీ మొదటినుంచి రాశాడు. పన్నెండుకు టైము మారింది. మళ్లీ రాశాడు. రెండింటికి సభ మళ్లీ మొదటి జాగకే వచ్చింది. పొద్దుటి కాగితమే వాడుకుందామంటే అందులో టైము వేరు. చాచా కలం తీసి బల్లకేసి కొట్టాడు.

"తెలంగాణ వచ్చెదాంక నా చెయ్యి ఉంటదా అసలు? బిడ్డా, నీ డబ్బాల తెలుగు అక్షరాలున్నయి గద. నాయి గూడ ఒక్కసారి రాసిస్త, అండ్ల ఏసుకో. ఇగ ఎన్నిసార్లు మార్చుకుంటరో మీరే మార్చుకుని సావుండ్రి!"

ఎవరన్నా అయితే కోపంలో అన్న మాట కోపంతోనే పోతుంది. చాచా మాత్రం అన్నంత పనీ చేశాడు. బంద్ పడ్డ రోజల్లా మా షాపు వెనక గదిలో కూర్చుని అక్షరాలు రాశాడు. ఉర్దూ అక్షరం ఒంటరిగా ఉన్నప్పుడు ఒక తీరు, మాటకు ముందు ఒక తీరు, నడుమ ఒక తీరు, చివర ఇంకో తీరు. పైగా ఆయన రాసే రాతలో మాట కుడినుంచి ఎడమకు పోతూ కిందికి జారుతుంది. సంచినిండా బట్టర్ పేపర్లు అయ్యాయి. నేను వాటిని స్కాన్ చేసి, ఏ అక్షరం పక్కన ఏది ఎక్కడ కూర్చోవాలో కంప్యూటర్‌కు నేర్పించే పనిలో పడ్డాను. నా తాతలు దిగొచ్చారనుకోండి. అక్షరాలు కలిసేచోట అతుకు కుదిరేది కాదు. ఒకటి కుదిరితే ఇంకోటి ఊడేది. ఏడాది దాటింది. చివరికి ఒక పెళ్లికార్డు మొత్తం, ఉర్దూ తెలుగు రెండూ, ఒకే తెరమీద తయారైన రోజున నేను ప్రెస్సులో గంతులేశాను. చాచా కళ్లద్దాలు సవరించుకుని చూసి, "ఫర్వాలేదు" అన్నాడు. అది ఆయన నోటినుంచి వచ్చే అతిపెద్ద మెచ్చుకోలు.

ఎవరికన్నా పనికొస్తే రానీ అని దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాను. కింద ఒక పేజీ ఉంటుంది, ఎవరు చేశారో చెప్పేది. అందులో 'ప్రోగ్రామ్, అక్షరాలు' అని రాసి, పక్కన నా పేరొక్కటే పెట్టుకున్నాను. అక్కడ ఒకే పేరుకు చోటుందని నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. చోటు కావలసినంత ఉంది. ఎవరో పెద్ద కంపెనీవాళ్లు చూస్తారు, అన్నీ ఒక్కతే చేసిందని మెచ్చుకుంటారు అని ఆశ. ఏ కంపెనీవాడూ చూడలేదు.

ప్రెస్సులవాళ్లు మాత్రం చూశారు. బెజ్జంకి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. తర్వాత నిజామాబాద్, తర్వాత బీదర్. కార్డులకు, కరపత్రాలకు, దుకాణాల బోర్డులకు అదే వాడుతున్నామన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఆ ఉబ్బులో చాచాకు పని తగ్గుతున్న సంగతి ఆలస్యంగా కనిపించింది. ముందు మా షాపులోనే తగ్గింది. కంప్యూటర్లో నిమిషంలో అయ్యే పనికి ఆయన గడప ఎవరు తొక్కుతారు? బట్టర్ పేపర్ రాత ఊళ్లోనే లేకుండా పోయింది. చాచా చౌరస్తా దగ్గర స్టూలేసుకుని బండ్ల నంబర్ ప్లేట్లు రాయడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో అందరూ బండి నంబర్లో ఏపీ చెరిపించి టీజీ అని రాయించుకునేవారు. కాబట్టి గిరాకీకి కొదువ లేదు. కానీ ఆ చేతికి అది తగిన పనా? నేను ఆ గల్లీలోంచి పోవడం మానేసి చుట్టూ తిరిగి ఇంటికి పోయేదాన్ని. ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. నాలుగేళ్లు అట్లాగే గడిపాను. మొహం చెల్లకపోవడం అంటే ఏమిటో నన్నడగండి.

ఇంకో పక్క ఫోన్లు. పొయ్యి మీద కూర పెడితే ఫోన్. "మేడం, అక్షరం కిందికి జారుతున్నది." దవాఖానలో లైన్లో ఉంటే ఫోన్. "మేడం, కొత్త కంప్యూటర్ల పనిజేస్తలేదు, పెండ్లి ఎల్లుండే." ఎవరి పెళ్లో తెలియదు గానీ టెన్షన్ మొత్తం నాది. చేసిపెట్టకపోతే తిట్లు, చేసిపెడితే ఇంకో ఫోన్. కుడితిలో పడ్డ ఎలుకలాగా అయింది నా పని.

అట్లా ఉండగా ఒకరోజు పోయిన కరెంటు ఒక్కసారిగా ఎగదన్నుకుని వచ్చింది. కంప్యూటర్లో చిటుక్కుమని కాలిన వాసన. హార్డ్‌డిస్క్ పోయింది. అది మామూలు నష్టం కాదు. ఎందుకంటే, ఇంటర్నెట్‌లో జనం దించుకునేది వండిన కూరలాంటిది. ఎట్లా వండాలో రాసిపెట్టుకున్న అసలు మూలం మాత్రం ఆ ఒక్క డబ్బాలోనే ఉంది. అది లేకపోతే రేపు ఒక్క అతుకు సరిచేయాలన్నా కుదరదు. చాచా రాసిన బట్టర్ పేపర్ల సంచి ఎప్పుడో చెదలు తినేసింది. ఇల్లంతా గాలించాను. చివరికి బాపు తాళంచెవుల గుత్తికి తగిలించుకున్న పెన్‌డ్రైవ్‌లో ఆర్నెల్ల కిందటి కాపీ దొరికింది. నేనే ఎప్పుడో వేసి మరిచిపోయాను. నేలమీదే కూలబడి ఏడ్చాను. నాకేదన్నా అయితే, ఈ షాపుకేదన్నా అయితే, అన్నీ పోతాయి. చాచా చేతిరాత ఈ లోకంలో పూర్తిగా మిగిలింది ఇందులోనే.

అప్పుడే ఫౌండేషన్ల సంగతి తెలుసుకున్నాను. ఇట్లాంటి ప్రోగ్రాములను దత్తత తీసుకున్నట్టు తీసుకునే సంస్థలు ఉన్నాయి. వాళ్లకు రాసిచ్చేస్తే మూలాన్ని అందరికీ కనిపించేచోట పెడతారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, ఎవరూ తాళం వేసుకుని కూర్చోలేరు. బాగోగులు చూడటానికి అక్కడ మనుషులుంటారు. మరీ ముఖ్యంగా, నాకు ఫోన్లు రావు. నేను ఆ రోజే దరఖాస్తు పెట్టాను.

పది రోజులకు జవాబు వచ్చింది. తీసుకోవడం ఇష్టమే, ఒక చిన్న సంగతి తేలాలి అన్నారు. ఇందులో ఎవరెవరి పని ఉందో వాళ్లందరి సంతకాలు కావాలి. ప్రోగ్రామ్ మీరు రాశారు, సరే. మరి అక్షరాలు కూడా మీరే గీశారా?

అవును అని ఒక్క ముక్క కొడితే అయిపోయేది. అడిగేవాళ్లు ఎవరు? పేజీలో ఎట్లాగూ అదే రాసుంది. వారం రోజులు ఆ జవాబు కొట్టబోయి, కొట్టలేక ఉన్నాను. బాపుతో చెప్తే ఆయన తేల్చేశాడు. "గదే రాయి బిడ్డా. గాయన ఏమన్న వచ్చి చూస్తుండా? ఇప్పుడు పోయి అడిగితె ఉన్న పుండు గెలికినట్టయితది." ఆ మాటతో నాకు నా సంగతి పూర్తిగా అర్థమైంది. పుండు ఉందని బాపుకు కూడా తెలుసు. మరునాడు పొద్దున్నే వెనక గల్లీకి పోయాను.

చాచా ఇంటి ముందు అరుగు మీద ఒక నంబర్ ప్లేటుకు తెల్ల రంగు పూస్తున్నాడు. నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేనే కూర్చుని, "ఒక సంతకం గావాలె చాచా" అన్నాను. దేనికని అడిగాడు. ఫౌండేషన్ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. అది ఎవరి సొత్తూ కాదు, ఇచ్చినవాళ్లు మళ్లీ వెనక్కి తీసుకోలేరు, చూసుకునేవాళ్లు ఉంటారు గానీ వాళ్లు కూడా అమ్ముకోలేరు అని అటు తిప్పి ఇటు తిప్పి చెప్తున్నాను.

"వక్ఫ్ అను మరి" అన్నాడు కుంచె ఆపకుండా. "మసీదుకు, సరాయికి జాగ ఇస్తరు గద, గట్ల. ఇచ్చినంక అల్లాది. ముతవల్లి ఉత్తగ కాపలా. గీ ముక్కకు గంతసేపు ఏందే?"

నాకు నవ్వొచ్చింది. రోజులకు రోజులు ఇంగ్లిష్‌లో చదివి తెలుసుకున్నదాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. కానీ తరువాతి మాటతో నా నవ్వు ఆగిపోయింది.

"వక్ఫ్ జెయ్యాలంటే సొమ్ము నీదై ఉండాలె. అక్షరాలు నీయా?"

"కావు చాచా. నీయి. నాయని రాసుకున్న." పేజీ సంగతి, పేరు సంగతి, ఎందుకు రాసుకున్నానో అదీ, అంతా చెప్పేశాను. చెప్పాక నిజం చెప్పొద్దూ, తిట్టినా సరే అనిపించేంత తేలికయ్యాను. ఆయన తిట్టలేదు. ప్లేటు ఎండలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"అయితె నీ పేరే ఉండనీ. నేనైతె సంతకం పెట్ట."

కోపం అనుకుని బతిమాలాను. కోపం కాదన్నాడు. చిన్నతనంలో హైదరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర రాత నేర్చుకున్నాడట. ఆ ఉస్తాద్ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. రాత పూర్తిగా కుదిరిందని ఉస్తాద్ ఇజాజత్, అంటే అనుమతి, ఇచ్చేదాకా శిష్యుడు తన రాత కింద తన పేరు పెట్టకూడదు. చాచాకు ఆ అనుమతి రాకముందే ఇంట్లో తండ్రి పోయాడని కబురొచ్చింది, సిద్దిపేట వచ్చేశాడు. ఆయన తిరిగి పోయేలోపల ఉస్తాద్ కూడా పోయాడు. "ఇగ ఎవరిస్తరు నాకు ఇజాజత్? నలభై ఏండ్లాయె. ఒక్క బోర్డు కిందన్న నా పేరు చూసినవా?" అన్నాడు.

నిజమే. ఊళ్లో ప్రతి పెయింటరూ బోర్డు మూలన తన పేరు గీసుకుంటాడు. చాచా రాసిన బోర్డులకు మూల ఖాళీ. అది ఆయన అణకువ అనుకునేదాన్ని.

ఇంటికొచ్చాక బాపు, "ఆయననే ఉండనీ అన్నంక ఇగ నీకేంది?" అన్నాడు. నిజానికి నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. దొంగకు ఇంటాయనే తాళంచెవి ఇచ్చినట్టయింది కదా. కానీ ఒకసారి నోటితో ఒప్పుకున్నాక మళ్లీ ఆ అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఫౌండేషన్‌కు ఉన్నదున్నట్టు రాశాను. అక్షరాలు నావి కావు, మా గల్లీ కాతిబువి. ఆయన ఇస్తానంటే ఇవ్వొచ్చు గానీ పేరు పెట్టుకోడు, ఫలానా కట్టుబాటు. నేను ఇన్నాళ్లూ తప్పు రాశాను. ఇట్లాంటి గొడవ విని వాళ్లు వద్దు పొమ్మంటారని తెగించే ఉన్నాను.

వద్దనలేదు. అక్కడెవరో మనసున్న మనిషి ఉన్నట్టున్నాడు. రాసినవారి పేరు బయటికి ప్రకటించాలని రూలేమీ లేదు, ఇవి ఆయనవని, ఇష్టపూర్తిగా ఇస్తున్నాడని ఒక కాగితం మీద సంతకం చాలు, ఆ కాగితం మా దగ్గరే ఉంటుంది అని జవాబిచ్చారు. అంటే రాసినవాడిగా కాదు, ఇచ్చినవాడిగా. కాగితం అచ్చుతీసుకుని ఉరికాను.

చాచా ఆ కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. "ఇచ్చేటోనికి ఇజాజత్ అక్కర్లేదు" అన్నాడు చివరికి. "ఖైరాత్ చేసేటోన్ని ఏ ఉస్తాద్ ఆపుతడు?" నేను ఊపిరి పీల్చుకునేలోపే లోపలికి పోయి ఒక పెళ్లికార్డు తెచ్చి నా ఒళ్లో పడేశాడు. ఆయన మనవరాలిది. ఏడాది కిందటి పెళ్లి. మమ్మల్ని పిలవలేదు.

"నీ మీద కోపానికి నీ షాపుల కొట్టియ్యలే. పనిగట్టుకుని బస్సెక్కి గజ్వేల్ పోయి కొట్టిచ్చిన. కార్డు చేతికి రాంగనె చూస్తె ఏమున్నది? అన్నీ నా అక్షరాలే! వాళ్ల దగ్గర గూడ నీ ప్రోగ్రామే ఉండె."

ఆయనకు ముందు నవ్వొచ్చింది, తర్వాత నాకు. కార్డు తెరిచి చూస్తే ఉర్దూ పక్కన అక్కడక్కడ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఏడు చోట్ల. అవేమిటన్నాను.

"అక్షరాలు నాయి. అతుకులు నీయి. గీ ఏడు అతుకులు కుదరలే" అన్నాడు. "పేజీల గట్లనే రాయి. ఒకరి అక్షరాలు, ఒకరి అతుకులు. నా పేరు రాయకు, నీది రాసుకో."

అంతకంటే సరైన లెక్క ఎవరూ చెప్పలేరు. నేను తలూపి, ఇన్నాళ్లూ అడగాల్సింది అప్పుడు అడిగాను. "నా తోని నీ పని పోయింది గద చాచా?"

"పోయింది" అన్నాడు, మొహమాటం లేకుండా. "నువ్వు గాకుంటె ఇంకోడు తెచ్చేటోడు. దానికి నాకు రంజు లేదు, దుఃఖం లేదు. నా కండ్ల ముందు పుట్టినదానివి, నాలుగేండ్లు మా గల్లీ దిక్కు రాకపోతివి. రంజంటే గది."

"తప్పయింది" అన్నాను. "అయింది" అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

కాగితం ముందు పెట్టాను. ఆయన వెదురు కలం పక్కకు జరిపి నా బాల్‌పెన్ అడిగాడు. ఉర్దూలో పెడతాడనుకున్నాను. "ఉర్దూల పెడితె అది రాత అయితది. ఉస్తాద్‌కు జవాబు చెప్పాలె. తెలుగుల పెడత. చిన్నప్పుడు బడిల నేర్చింది. అది ఉత్త సంతకం" అన్నాడు.

నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం గుర్తు తెచ్చుకుంటూ రాశాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వరస గీత దాటి పైకి పోయింది. ఊరిలో అందరికంటే అందంగా రాసే చెయ్యి మూడో తరగతి పిల్లవాడిలాగా రాసింది. నేను చూస్తున్నానని అరచెయ్యి అడ్డం పెట్టి, "చూడకు" అని గదిమాడు. నేను చూశాను. నలభై ఏళ్లుగా ఎక్కడా పెట్టుకోని పేరు, వంకరటింకరగా, నేను అడిగినందుకు పెట్టాడు. కళ్లు నిండి కాగితం కనిపించలేదు.

"తీస్కపో" అన్నాడు. "ఇగ నాది గాదు, నీది గాదు. దునియది."

"హమ్మయ్య" అన్నాను, పైకే.